పాస్‌పోర్టు లేకుండా ఓడ ప్రయాణం: అత్తమ్మను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మా ఆయన ప్రైవేటు ఉద్యోగి. తొమ్మిది, ఏడు తరగతులు చదివే పిల్లలు ఇద్దరు. మా అత్తమ్మకు 71 ఏళ్లు. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, బీపీ, షుగర్ మందులు వాడుతుంది, శాకాహారి. ఇంతవరకు సముద్రం చూడలేదు, ఒక్కసారైనా సముద్ర స్నానం చేయాలన్నది ఆమె కోరిక. మన దేశంలోని రేవుల్లోనే ఆగే క్రూయిజ్ ఓడలు ఉన్నాయని పిల్లలు పట్టుబడుతున్నారు. మాలో ఎవరికీ పాస్‌పోర్టు లేదు. డల్లాస్‌లో ఉండే మా మరిది మాత్రం పరాయి దేశం తాకకుండా క్రూయిజ్ ఎక్కడా ఉండదని, అమ్మకు పాస్‌పోర్టు తీయిస్తే అమెరికా పిలిపించుకుని అలాస్కా తీసుకెళ్తానని అంటున్నాడు. కడిపికొండలో మాకు చుట్టాలున్నారు. ఆ ఊరివాళ్లను పొట్టనపెట్టుకున్న 2019 నాటి గోదావరి పడవ ప్రమాదం తర్వాత మా ఇంట్లో నీటి మీద ప్రయాణమంటేనే భయం. వేసవి సెలవుల్లో లక్షద్వీప్ ట్రిప్పుకు వెళ్లాలనుకుంటున్నాం. వెళ్లవచ్చా? పెట్టిన డబ్బుకు తగిన ఆనందం ఉంటుందా?

సమాధానం: వెళ్లవచ్చు, మీ అత్తమ్మ గారిని తీసుకునే వెళ్లవచ్చు. అయితే మీరు అనుకున్న కాలమూ, అనుకున్న దారీ రెండూ మార్చుకోవాలని నా సలహా. వేసవికి బదులు సంక్రాంతి సెలవులు చూసుకోండి. లక్షద్వీప్‌కు బదులు ఓడ నేరుగా గట్టుకు ఆనుకుని నిలిచే రేవులున్న దారి ఎంచుకోండి. సముద్ర స్నానం కోరికను మాత్రం ఈ ప్రయాణంతో ముడిపెట్టకండి. ఎందుకో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

ముందుగా పాస్‌పోర్టు సంగతి. మీ మరిది గారు చెప్పినది ఆయన ఉన్న దేశానికి చాలావరకు నిజం. అక్కడ 1886 నాటి చట్టం ఒకటి, విదేశీ జెండా ఎగరేసే (అంటే వేరే దేశంలో నమోదైన) ఓడలు అమెరికాలో ఒక రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించడాన్ని నిషేధించింది. ఎక్కిన రేవులోనే తిరిగి దించే విహార యాత్రలయినా మధ్యలో ఏదో ఒక పరాయి దేశపు రేవును తాకక తప్పదు. అక్కడ తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడల్లో దాదాపు అన్నీ విదేశీ జెండావే కాబట్టి, వాటి దారిలో కెనడానో, మెక్సికోనో, బహామాసో తప్పకుండా కనిపిస్తుంది. మన దేశంలోనూ ఇటువంటి కట్టుబాటు ఉండేది. కోస్తా వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ప్రయాణికులను చేరవేయాలంటే విదేశీ ఓడలు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలని 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం చెప్పింది. విహార నౌకలకు కేంద్రం 2009లో ఆ నిబంధనను సడలించింది. అందువల్లనే ముంబయిలో ఎక్కి గోవా చూసి తిరిగి ముంబయిలో దిగడం, చెన్నైలో ఎక్కి విశాఖపట్నం చూసి రావడం ఇక్కడ సాధ్యమైంది. కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడతో 2021 సెప్టెంబరులో ఈ తరహా ప్రయాణాలు మొదలుపెట్టింది. ఇటలీకి చెందిన కోస్టా సెరీనా కూడా 2023 నవంబరులో ముంబయి నుంచి దేశీయ ట్రిప్పులు నడిపింది.

ఇటువంటి దేశీయ ప్రయాణానికి ఆధార్, ఓటరు కార్డు వంటి ప్రభుత్వ గుర్తింపు పత్రం సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అదే ఓడ, అదే చెన్నై రేవు నుంచి, ఒక వారం విశాఖపట్నం వైపు వెళితే ఇంకో వారం శ్రీలంకలోని హంబన్‌తోట, త్రింకోమలీలకు వెళ్లవచ్చు. ప్రకటనల్లో ఓడ బొమ్మ ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే కనిపిస్తుంది. తేడా అంతా కింద చిన్న అక్షరాల్లో ఉన్న రేవుల పేర్లలో ఉంటుంది. శ్రీలంక పేరు ఉన్న ట్రిప్పుకు పాస్‌పోర్టు లేకుండా వెళితే టికెట్ చేతిలో ఉన్నా ఎక్కనివ్వరు. ఇంకొక సంగతి: టికెట్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు పుట్టినింటి పేరు ఒక కార్డులో, మెట్టినింటి పేరు ఇంకో కార్డులో ఉండడం, ఆధార్‌లో పుట్టిన తేదీకి బదులు సంవత్సరం మాత్రమే ఉండడం మామూలే. మీ అత్తమ్మ గారి కార్డు తీసి ఒకసారి చూడండి. దిద్దించవలసింది ఉంటే బుకింగ్‌కు ముందే మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో దిద్దించండి.

ఇక ఆనందం సంగతి. దేశీయ క్రూయిజ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఊళ్లు చూడడానికి ఇది చాలా ఖరీదైన, చాలా పొదుపు తెలియని దారి. గోవాను చూడాలనుకునేవారు రైల్లో వెళ్లి మూడు రోజులు ఉంటే చూసేంతలో పదో వంతు కూడా ఓడ దిగిన ఆ కొన్ని గంటల్లో చూడలేరు. ఓడలో గడపడమే ఇష్టమైనవారికి మాత్రమే ఈ ప్రయాణం రుచిస్తుంది. పెళ్లివారి విడిది ఇల్లే కదిలి పోతున్నట్టు ఉంటుంది: వండినది వేళకు వస్తుంది, పిల్లలు కళ్లముందే ఎక్కడెక్కడో తిరుగుతుంటారు, పెద్దవాళ్లు కూర్చున్న చోటి నుంచి లేవకుండానే అందరూ వచ్చి పలకరిస్తారు, రాత్రి పాటలు, ఆటలు. ఈత కొలను, నాటకశాల, నాలుగైదు చోట్ల భోజనాలు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. మరి రేవుల మధ్య రోజంతా నాలుగు వైపులా నీరు తప్ప ఇంకేమీ కనిపించదు. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది. ఓడలో వైఫైకి వేరుగా డబ్బు కట్టాలి. ఆ రోజు మీ పిల్లలకు విసుగు పుట్టిస్తుందా, హాయిగా అనిపిస్తుందా అన్నది మీకే తెలియాలి. ఏడో తరగతి పిల్లవాడికి ఈత కొలను చాలు. తొమ్మిదో తరగతి పిల్లకు ఫోన్ లేని ఒక రోజు గురించి ముందే చెప్పి ఉంచండి.

కడిపికొండ ప్రస్తావన మీరు తెచ్చారు కాబట్టి దానిని దాటవేయడం న్యాయం కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్లిన పడవ కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు ఆ ఒక్క ఊరి నుంచే కలిసి బయలుదేరిన బంధుమిత్రుల్లో చాలామంది తిరిగి రాలేదు. వరంగల్ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఆ భయం ఉండడం సహజం, దానిని తేలికగా తీసిపారేయకూడదు. అయితే ఆ భయం దేని మీద ఉండాలో కొంచెం విడదీసి చూడాలి. అది వరదతో ఉన్న గోదావరి; ఇరుకైన కొండల మధ్య సుడులు తిరిగే చోటు; చిన్న పడవ. సముద్రంలో నడిచే క్రూయిజ్ ఓడ వేరు. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ, పొడవు 210 మీటర్ల పైచిలుకు, పదకొండు డెక్కులు. ఇటువంటి ఓడలకు సముద్ర భద్రతపై అంతర్జాతీయ ఒడంబడిక వర్తిస్తుంది. టైటానిక్ 1912లో మునిగిన తర్వాత 1914లో దాని మొదటి రూపం వచ్చింది, ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటిది. దాని ప్రకారం ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ లైఫ్‌బోట్లలోనో, తెప్పల్లోనో చోటు, ప్రతి ఒక్కరికీ లైఫ్‌జాకెట్ ఉండి తీరాలి.

పెద్ద ఓడకు ప్రమాదమే రాదని చెప్పడం లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాళ్లను గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. అప్పటికి కొత్తగా ఎక్కిన కొందరికి భద్రతా డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తర్వాత నిబంధన మార్చి, ఓడ బయలుదేరక ముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ జరపాలని తప్పనిసరి చేశారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే ప్రయాణికులు తమకు కేటాయించిన చోటికి చేరాలి. మన వాళ్లు చాలామంది ఆ సమయానికి భోజనాల దగ్గర వరుసలో ఉంటారు, లేదా ఫొటోలు దిగుతుంటారు. మీరు అలా చేయకండి. మీ అత్తమ్మ గారిని వెంటబెట్టుకుని ఆ చోటికి నడిచి వెళ్లండి. లిఫ్టులు పనిచేయని పరిస్థితిలో ఆమె మెట్లు ఎక్కడం దిగడం ఎలాగో, ఎవరు ఏ చేయి పట్టుకోవాలో ఆ రోజే తేల్చుకోండి. నడవలేని పెద్దవారు ఉన్నారని ముందే సిబ్బందికి చెబితే వారి జాబితాలో ఆమె పేరు చేరుతుంది.

ఆ భయాన్ని అసలు ఉంచుకోవలసిన చోటు వేరే ఉంది. లక్షద్వీప్ వెళ్లే ఓడలు చాలావరకు దీవుల గట్టుకు చేరవు. పగడపు దిబ్బల వల్ల లోతు చాలదు, కాబట్టి దూరంగా నీటిలోనే నిలుస్తాయి. ప్రయాణికులు ఓడ పక్కనున్న ద్వారం నుంచి చిన్న పడవల్లోకి దిగి దీవికి వెళ్లాలి, మళ్లీ అలాగే ఎక్కాలి. అల లేస్తుంటే పడవ అడుగో, రెండడుగులో పైకి కిందికి కదులుతూ ఉంటుంది, సరిగ్గా అది పైకి వచ్చిన క్షణంలో కాలు వేయాలి. సిబ్బంది ఇరువైపులా పట్టుకుంటారు, నిజమే. ఆపరేషన్ అయిన మోకాలికి మాత్రం ఆ కదలిక మంచిది కాదు. మీ అత్తమ్మ గారి విషయంలో లక్షద్వీప్ వద్దనడానికి ఇదే కారణం. గాలి ఎక్కువైతే ఆ చిన్న పడవలను అసలు దించరు, దీవిని ఓడ మీద నుంచి చూసి వెనుదిరగవలసి వస్తుంది. ఎప్పుడైనా మీరూ పిల్లలూ మాత్రమే వెళితే ఆ దీవులకు ప్రవేశ అనుమతి తప్పనిసరి అని గుర్తుంచుకోండి, భారతీయులకైనా సరే. క్రూయిజ్ వారు సాధారణంగా వారే తెప్పిస్తారు. గోవా బీచిలో స్పీడు బోటు ఎక్కినా, మన లక్నవరం చెరువులో బోటింగ్‌కు వెళ్లినా, లైఫ్‌జాకెట్ పట్టీలు పిల్లల ఛాతీకి బిగించి కట్టించే బాధ్యత మీ ఇంటాయనకు అప్పగించండి.

ముంబయి, మార్మగోవా, కొచ్చి, చెన్నై, విశాఖపట్నం వంటి రేవుల్లో ఓడ గట్టుకే ఆనుకుని నిలుస్తుంది. ఓడకూ గట్టుకూ మధ్య వంతెన వేస్తారు. చక్రాల కుర్చీలో కూడా దిగవచ్చు. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అసలు పెద్దవాళ్లకు క్రూయిజ్ అనుకూలమనడానికి కారణం, సామాను రోజూ సర్దవలసిన పని లేకపోవడమే. తిరుపతికో, కాశీకో వెళ్లినప్పుడు వాళ్లను అలసిపోయేట్టు చేసేది దూరం కాదు, గదులు మారడం, ఆటోల కోసం నిలబడడం, భోజనం దొరికే చోటు వెతకడం. ఓడలో అవేవీ ఉండవు. రేవు వచ్చిన రోజున ఆమెకు ఓపిక లేకపోతే ఓడలోనే విశ్రాంతి తీసుకోవచ్చు, ఎవరూ దింపరు.

గదుల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. క్యాబిన్లు మన హోటల్ గదులంత ఉండవు, ఎంప్రెస్ వంటి పాత ఓడలో మరీ ఇరుకు. ఒక క్యాబిన్‌లో ఎక్కువలో ఎక్కువ నలుగురికి చోటు ఇస్తారు, అందులో ఇద్దరివి గోడ నుంచి కిందికి దించే పై పరుపులు. మీరు ఐదుగురు కాబట్టి ఎలాగూ రెండు క్యాబిన్లు తీసుకోవాలి. అమ్మాయిని నాయనమ్మతో ఒక దాంట్లో, మిగిలిన ముగ్గురు పక్కదాంట్లో ఉండేట్టు అడగండి. క్యాబిన్ ఓడ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో ఉంటే ఊపు తక్కువ తెలుస్తుంది. లిఫ్టుకు దగ్గరగా, ఈత కొలనుకూ పాటల హాలుకూ దూరంగా ఉంటే ఆమెకు నిద్ర పడుతుంది. అర్ధరాత్రి దాటేదాకా సంగీతం మోగుతూనే ఉంటుంది. బారు, క్యాసినో కూడా ఓడలో భాగమే. అవి చూసి ఆమె నొచ్చుకుంటారనుకుంటే ముందే చెప్పి తీసుకెళ్లడం మేలు. బాల్కనీ గది కోసం డబ్బు పోయవద్దు. ఒకవేళ పోయదలచుకుంటే అది ఆమె గదికి పోయండి, ఎందుకంటే ఎక్కువసేపు గదిలో కూర్చునేది ఆమే.

భోజనానికి ఇబ్బంది లేదు. ఇక్కడ నడిచే ఓడల్లో శాకాహారం విస్తారంగా ఉంటుంది, జైన భోజనం కూడా వండుతారు. ఆమె ఏకాదశి వంటి ఉపవాసాలు పాటిస్తే పండ్లు, పాలు అడిగితే ఇస్తారు. ఇంటి నుంచి తినుబండారాలు తెచ్చుకోవడానికి మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో పెట్టుకుని వెళితే సామాను తనిఖీలో పక్కన పెట్టించే అవకాశం ఉంది. పెద్ద సూట్‌కేసులను రేవులోనే తీసుకుని కొన్ని గంటల తర్వాత క్యాబిన్ దగ్గరికి చేరుస్తారు కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉండాలి. ఓడలో డాక్టరు ఉంటారు, అయితే చూపించుకుంటే బిల్లు కట్టాలి. ఆరోగ్యశ్రీ అక్కడ చెల్లదు, మీ ఉద్యోగుల హెల్త్ కార్డు మీద కూడా ఆశ పెట్టుకోకండి. ప్రయాణ బీమా తీసుకోండి. సముద్రపు ఊపుకు వచ్చే వాంతులకు మందుల దుకాణంలో దొరికే మాత్రలు మగత తెప్పిస్తాయి, ఆ మగతలో పెద్దవాళ్లు జారి పడుతుంటారు. అందువల్ల ఆమె వాడే మందులు చూపించి, ఏది ఎంత మోతాదులో వేయాలో మీ డాక్టరును అడిగి రాయించుకోండి. ఆమె బస్సులో కళ్లు తిరగని మనిషి కాబట్టి ఓడలో కూడా తిరగవని అనుకోవద్దు.

కాలం సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ప్రణాళికలో పెద్ద లోపం అదే. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మే గడుస్తున్న కొద్దీ అరేబియా సముద్రం కలత చెందుతుంది, నైరుతి రుతుపవనాలు వచ్చాక సెప్టెంబరు దాకా పడమటి తీరంలో విహార ఓడలు తిరగవు. ఆ నెలల్లో ఓడ చెన్నై వైపు వస్తుంది. బంగాళాఖాతంలో మే నెలలో తుపానులు పుట్టడం మనకు తెలిసినదే. తుపాను లేకపోయినా చెన్నై ఎండకూ ఉక్కకూ డెక్కు మీద పగలు నిలబడలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీరానికి మళ్లీ తుపానుల కాలం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడమటి తీరపు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా ఓర్చుకోదగినది. డిసెంబరు చివరి పది రోజుల ధరలు ఆకాశంలో ఉంటాయి, సంక్రాంతి నాటికి కొంత దిగివస్తాయి. దసరా సెలవులు ఎక్కువ రోజులున్నా, బతుకమ్మకు హనుమకొండ వదిలి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

కాబట్టి నా ఓటు సంక్రాంతికి, ముంబయి నుంచి గోవాకు వెళ్లి తిరిగి ముంబయి వచ్చే పొట్టి ట్రిప్పుకు. మొదటిసారి వెళ్లేవారికి రెండు మూడు రాత్రులు చాలు. నచ్చితే ఇంకోసారి ఎక్కువ రోజులు వెళ్లవచ్చు, నచ్చకపోతే మూడో రోజుకో, నాలుగో రోజుకో నేల మీద ఉంటారు. సంక్రాంతి సెలవులకు మీరు ఒకటి రెండు రోజులు సెలవు కలుపుకోవలసి రావచ్చు. ఓడ సాయంత్రం కదిలినా తనిఖీలు, చెక్‌ఇన్ కొన్ని గంటల ముందే మూసేస్తారు, ఎవరి కోసమూ ఆగదు. సికింద్రాబాద్ నుంచి ముంబయి రైలు అదే రోజు ఉదయం చేరుతుందని నమ్ముకోకుండా ముందు రోజే ముంబయిలో ఉండండి.

గోవాలో ఓడ ఆగే మార్మగోవా రేవు వాస్కో పట్టణం దగ్గర ఉంది. పేరు మోసిన కలంగూట్ బీచి అక్కడి నుంచి చాలా దూరం, ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది. పిల్లలకు బీచి కావాలంటే దగ్గరలోని బోగ్‌మాలో చాలు. అత్తమ్మ గారికి గుడి చూపించాలంటే పోండా వైపున్న మంగేశి ఆలయానికి కారు మాట్లాడుకోండి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. ఓడ కదిలే వేళకు గంటన్నర ముందే తిరిగి గట్టు మీద ఉండాలి.

అనుకున్న రేవులో ఓడ ఆగుతుందని కూడా పూర్తిగా నమ్మకం పెట్టుకోకూడదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నం మీదుగా వచ్చిన ఓడను పుదుచ్చేరి రేవులోకి రానివ్వలేదు. ఓడలో క్యాసినో ఉండడం మీద అక్కడ పెద్ద వివాదమే నడిచింది. అప్పట్లో మన తెలంగాణ గవర్నరే పుదుచ్చేరికి లెఫ్టినెంట్ గవర్నరు కూడా కావడంతో ఆ వార్త ఇక్కడి పత్రికల్లోనూ వచ్చింది. వాతావరణం వల్లగానీ, అనుమతుల వల్లగానీ ఒక రేవును వదిలేసే హక్కు తమకు ఉందని ఓడ సంస్థలు టికెట్ షరతుల్లో రాసుకుంటాయి. పిల్లలకు గోవా అని చెప్పకుండా ఓడ అని చెప్పి తీసుకెళ్లండి.

డబ్బు లెక్క క్లుప్తంగా చెబుతాను. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండే ధర ఒక్కో మనిషికి, అదీ ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన. దానికి రేవు రుసుము, సేవా రుసుము, జీఎస్‌టీ కలుస్తాయి. ఓడలో కూల్‌డ్రింకులు, కాఫీలు, ప్రత్యేక భోజనశాలలు, పిల్లల వీడియో గేములు, ఫొటోలు వేరే ఖర్చు. నగదు కాకుండా గది కార్డు మీద రాసుకుంటారు కాబట్టి చివరి రోజు దాకా ఎంత అయిందో తెలియదు. రోజూ రాత్రి బిల్లు అడిగి చూసుకోండి, పిల్లల కార్డులకు ఖర్చు నిలిపివేయమని ఎక్కగానే చెప్పండి. బుకింగ్ రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత తిరిగి ఇస్తారో, అన్నీ కలిపిన చివరి మొత్తం ఎంతో, రెండు క్యాబిన్లూ పక్కపక్కనే ఇస్తారో లేదో ఏజెంటు నోటి మాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

సముద్ర స్నానం విషయాన్ని వేరుగా పెట్టమన్నాను. ఓడ డెక్కు మీద నుంచి సముద్రం ఎన్నో అంతస్తుల కింద ఉంటుంది, వేలు కూడా తడవదు. పైగా పెద్దవాళ్లకు ఈ స్నానం ఏ రోజైనా చేసేది కాదు. కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో చేయాలని ఉంటుంది. వరంగల్ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలోనే బాపట్ల ఉంది. అక్కడి నుంచి సూర్యలంక బీచి ఆటోలో వెళ్లేంత దూరం. పౌర్ణమి నాడు జనం విపరీతంగా ఉంటారు కాబట్టి తెల్లవారుజామునే వెళ్లి, మోకాలి లోతు కూడా దాటకుండా, ఇద్దరు రెండు చేతులూ పట్టుకుని ఆమెను ఒడ్డు దగ్గరే కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోయండి. సముద్ర స్నానానికి అదే సరైన పద్ధతి, లోపలికి వెళ్లవలసిన అవసరం లేదు. సమయం మిగిలితే చీరాల దాటి ఉన్న మోటుపల్లి కూడా చూసి రండి. ఓరుగల్లు పాలకులకు సముద్రంతో ఉన్న సంబంధానికి అది సాక్ష్యం: సముద్ర వ్యాపారులకు రక్షణ కల్పిస్తామని, గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజుల్లాగా లాక్కోబోమని కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. ఖిలా వరంగల్ చూసి పెరిగిన పిల్లలకు అది చూపించదగిన చోటు.

పిల్లలు ఇంకేవైనా ఓడలు చూపిస్తే తికమక పడకండి. చెన్నై, విశాఖల నుంచి అండమాన్ వెళ్లేవి ప్రయాణికుల ఓడలు, మూడు రోజుల దాకా పడుతుంది. తక్కువ ధరకు బంకులు దొరుకుతాయి, సౌకర్యాలు అంతంతమాత్రం, ఆమెకు పనికిరావు. వారణాసి నుంచి దిబ్రూగఢ్‌కు 51 రోజులు నడిచేలా 2023 జనవరిలో ప్రారంభించిన గంగా విలాస్ నదీ విహారం మధ్యలో బంగ్లాదేశ్ గుండా పోతుంది, కాబట్టి అది పూర్తిగా దేశీయ ప్రయాణం కాదు. ధర చూస్తే ఆ ప్రశ్నే రాదు.

చివరగా మీ మరిది గారికి. పాస్‌పోర్టు తీయించమన్న ఆయన సలహా మంచిదే, ఈ ప్రయాణానికి అక్కర్లేకపోయినా తీయించి పెట్టండి. పరాయి దేశం తాకని క్రూయిజ్ అమెరికాలో కూడా ఒకటి ఉందని ఆయనకు చెప్పండి: ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ అమెరికా జెండాతోనే హోనొలూలూ నుంచి బయలుదేరి హవాయి దీవుల్లోనే ఏడు రాత్రులు తిరిగి వస్తుంది. అలాస్కా అయితే సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు ఆ 1886 చట్టం కారణంగా కెనడాలోని విక్టోరియా వంటి రేవులో ఆగుతాయి. మీ అత్తమ్మ గారికి అమెరికా విజిటర్ వీసా ఉన్నా కెనడాలో అది చెల్లదు, భారతీయ పాస్‌పోర్టు మీద కెనడా వీసా విడిగా ఉండాలి. ఆమె ఓడ దిగకపోయినా ఆ వీసా అడుగుతారు. కాబట్టి ఆయన అలాస్కా టికెట్లకు డబ్బు కట్టే ముందే కెనడా వీసాకు దరఖాస్తు చేయించాలి, లేకపోతే సియాటిల్ రేవులోనే ఆమెను వెనక్కి పంపుతారు.